లోబడటమా? ఎదిరించడమా? - క్రైస్తవ విశ్వాసమూ, మన స్త్రీలూ

కొంతకాలం క్రితం కోస్తా జిల్లాల్లో గృహహింస కేసుల మీద పనిచేసే కార్యకర్తల శిక్షణ శిబిరానికి వెళ్లాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, అందరం కాస్త మగతగా ఉన్న సమయంలో ఒక చిన్న వయసు కార్యకర్త లేచి అంది: "మా మండలంలో కేసులు తిరగబడేది పోలీసు స్టేషన్‌లో కాదు మేడం, పాస్టరు గారి దగ్గర. కేసు పెట్టిన అమ్మాయిని ఆదివారం గుడికి పిలుస్తారు. మొగుణ్ణీ పెళ్లాన్నీ పక్కపక్కన మోకరించమని ప్రార్థన చేస్తారు. లోబడి ఉండమ్మా అని చెప్పి పంపించేస్తారు. సోమవారం పొద్దున్నే ఆ పిల్ల మా ఆఫీసుకొచ్చి, కేసు వద్దక్కా, తీసేయండి అంటుంది."

చాలామంది తలలూపారు. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక పెద్దావిడ మాట్లాడింది. ఇరవై ఏళ్లకు పైగా సంఘాల్లో పనిచేస్తున్న దళిత స్త్రీ. "నువ్వు చెప్పింది అబద్ధం కాదమ్మాయ్. కానీ ఆ గుడే లేకపోతే నేనీ బెంచీ మీద కూర్చునేదాన్నా? మా అమ్మ అక్షరాలు నేర్చుకున్నది బైబిలు చదువుకోవడానికే. ఆ అక్షరాలతోనే రైతు రాసిన అప్పు కాయితంలో దొంగ లెక్క పట్టుకుంది. పట్టుకుని ఊరి మధ్యలో నిలబడి అడిగింది."

ఆ తర్వాత శిబిరంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇద్దరూ తమ అనుభవమే చెప్పారు. ఇద్దరిదీ నిజమే. ఒకే గుడి ఒక స్త్రీని హింసలోకి వెనక్కి పంపింది. మరొక స్త్రీకి ఊరి పెత్తనాన్ని ప్రశ్నించే గొంతునిచ్చింది. మరి క్రైస్తవ విశ్వాసం అధికారానికి తల వంచమంటుందా, తల ఎత్తమంటుందా? ఈ ప్రశ్నకు సమాజశాస్త్ర విద్యార్థినిగా నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబులేవీ ఆ రోజు సరిపోలేదు. దానికి ఇంకో కారణం కూడా ఉంది. మా నాయనమ్మ బైబిలు ఉమన్.

తెల్ల చీర కట్టుకుని, చేతిలో గుడ్డసంచీతో పల్లె పల్లెకూ నడిచి వెళ్లి ఆడవాళ్లను కూర్చోబెట్టి వాక్యం చెప్పడం ఆవిడ ఉద్యోగం. భర్తలకు లోబడి ఉండమని ఆవిడ కూడా చెప్పేది. నేను విన్నాను. అయితే ఆవిడ స్వయంగా తాగొచ్చి కొట్టే భర్తను ముప్ఫయ్యో ఏట వదిలిపెట్టి, ఇద్దరు పిల్లలతో మిషను ఇచ్చిన చిన్న ఇంట్లోకి వచ్చేసింది. తన జీతంతో తనే బతికింది. తిరిగి వెళ్లలేదు. నోటితో చెప్పిన వాక్యానికీ కాళ్లతో నడిచిన దారికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని ఆవిడ ఎప్పుడూ వివరించలేదు. ఈ వ్యాసం ఒక రకంగా ఆ దూరాన్ని అర్థం చేసుకునే ప్రయత్నం.

ఒకే గ్రంథం, రెండు మాటలు

ముందు గ్రంథం సంగతి. విధేయత కావాలనుకునే వాళ్లకు బైబిల్లో కావలసినంత సరుకుంది. పై అధికారులకు ప్రతివాడూ లోబడాలనీ, అధికారాలన్నీ దేవుడు నియమించినవేననీ పౌలు రోమా పత్రిక 13వ అధ్యాయంలో రాశాడు. మరో పక్క, ప్రకటించడం మానమని సభవారు ఆజ్ఞాపిస్తే, మనుషుల మాటకన్నా దేవుడి మాటకే లోబడతామని పేతురూ తక్కిన అపొస్తలులూ ఎదురు చెప్పిన ఘట్టం అపొస్తలుల కార్యముల 5వ అధ్యాయంలో ఉంది. రెండూ ఒకే గ్రంథం. ఏ ఆదివారం ఏది చదువుతారన్నది మాత్రం మనుషులే నిర్ణయిస్తారు.

చరిత్రలో పాలకులు ఎక్కువగా ఎంచుకున్నది మొదటిదాన్నే. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వం అదే అధ్యాయాన్ని అడ్డం పెట్టుకుంది. డచ్ రిఫార్మ్‌డ్ చర్చి ఆ వివక్షకు వేదాంతపు మద్దతు సమకూర్చింది. 1985లో అదే దేశంలోని క్రైస్తవులు కైరోస్ పత్రం ప్రకటించి, ఇది రాజ్యం తయారు చేసుకున్న వేదాంతమనీ, పౌలు మాటలను పాలకుల అవసరం కోసం వాడుకుంటున్నారనీ తేల్చి చెప్పారు. ఆ పాఠం ప్రపంచం నేర్చుకుందా అంటే, లేదు. 2018 జూన్‌లో అమెరికా సరిహద్దులో వలస వచ్చిన తల్లుల నుంచి పిల్లల్ని విడదీస్తున్నప్పుడు, ఆ దేశపు అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ తమ విధానాన్ని సమర్థించుకోవడానికి మళ్లీ అదే రోమా 13ను ముందుకు తెచ్చాడు. తల్లి ఒడిలోంచి బిడ్డను లాక్కోవడానికి కూడా వాక్యం దొరుకుతుంది, వెతికేవాడి చేతిలో అధికారం ఉంటే.

స్త్రీలకు సంబంధించి మనం గమనించవలసిన విషయం ఇంకొకటుంది. పేతురు మొదటి పత్రికలో దాసులు తమ యజమానులకు, కఠినులైన యజమానులకు సైతం, లోబడాలని ఉంది. ఆ వెంటనే, అదే వరుసలో, భార్యలు భర్తలకు లోబడాలన్న మాట వస్తుంది. ఎఫెసీ పత్రికలోనూ అంతే. భార్యలకు చెప్పిన తర్వాత అదే ప్రసంగం కొనసాగి పిల్లలకూ, దాసులకూ వస్తుంది. అమెరికాలో నల్లజాతి బానిసలకు ఈ వాక్యాలనే తరతరాలుగా బోధించారు. ఈ రోజు ఏ పాస్టరూ పాలేరు దగ్గరికి వెళ్లి, నీ ఆసామి కొట్టినా లోబడి ఉండు, వాక్యంలో అలాగే ఉంది అని చెప్పడు. చెబితే పల్లె ఊరుకోదు. దాసుల మాట ఆ కాలానిదనీ, ఇప్పటికి వర్తించదనీ అందరూ ఒప్పుకున్నారు. మరి దాని పక్కనే ఉన్న భార్యల మాట మాత్రం నిత్యసత్యం ఎలా అయింది? పైగా ఎఫెసీ పత్రికలో భార్యల ప్రస్తావన రావడానికి ముందు ఒకరికొకరు లోబడి ఉండమన్న మాట ఉంది. పెళ్లి ప్రసంగాల్లో ఆ మాట దాటి చదవడం మొదలుపెట్టడం నేను చాలాసార్లు విన్నాను.

కాబట్టి గ్రంథం విధేయత నేర్పుతుందా, ధిక్కారం నేర్పుతుందా అని అడగడంకన్నా, దాన్ని ఎవరు చదువుతున్నారు, ఎవరికి చదివి వినిపిస్తున్నారు, ఎవరి నోరు మూయడానికి వాడుతున్నారు అని అడగడం మనకు ఎక్కువ ఉపయోగం.

గుండ్లకమ్మ ఒడ్డు నుంచి కారంచేడు చెరువు దాకా

మన ప్రాంతపు చరిత్ర చూద్దాం. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో మాడుతున్న మాదిగలకు కూలి పని ఇప్పించాడు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ నీళ్లలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లంతా తిండి కోసం మతం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. అలా అనేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. ఒంగోలు ప్రాంతంలో ఆ కరువుకు ముందే మాదిగలు మిషనులో చేరడం మొదలైంది. చేరినవాళ్లు మూడు నియమాలు పాటించవలసి వచ్చింది. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. ఊరి జాతరల్లో డప్పు కొట్టకూడదు.

ఇవి పైకి మతనియమాలు. పల్లెలో ఇవి మూడూ వెట్టి మీద తిరుగుబాట్లు. డప్పు కొట్టనన్నవాడు ఊరి ఆచారాన్ని కాదన్నట్టు. ఆదివారం పనికి రానన్నవాడు ఆసామి పిలుపును కాదన్నట్టు. అందుకే ఊళ్లు కక్ష కట్టాయి. బావుల దగ్గరకు రానివ్వలేదు, కూలి పనులు ఆపేశాయి. దేవుడికి లోబడతామన్న మాటే కరణానికీ మునసబుకూ లోబడమన్న మాటగా మారింది. విధేయతా, ధిక్కారమూ ఒకే వాక్యానికి రెండు కొసలుగా కనిపించే సందర్భమిది.

అట్లాగని మిషనును ఆకాశానికెత్తవలసిన పనిలేదు. ఊరి పెద్ద స్థానంలో మిషను బంగళా వచ్చింది. దొరగారి మాట, తర్వాత అయ్యగారి మాట చట్టమైంది. స్త్రీలకు చదువు వచ్చింది, నర్సు ఉద్యోగాలూ టీచరు ఉద్యోగాలూ వచ్చాయి. ఇది చిన్న సంగతి కాదు. కానీ దానితోపాటే మంచి క్రైస్తవ ఇల్లాలు అనే అచ్చు కూడా వచ్చింది. శుభ్రంగా, అణకువగా, ముసుగు వేసుకుని, గొంతు పెంచకుండా ఉండే ఇల్లాలు. పొలంలో మగవాడితో సమానంగా పనిచేసి, సమానంగా తిట్టగలిగిన దళిత స్త్రీని ఆ అచ్చులో పోయడానికి చాలా శ్రమపడ్డారు.

అయినా ఆ అచ్చు పూర్తిగా దిగలేదు. 1985 జూలైలో కారంచేడులో మాదిగపల్లె వాళ్లు తాగే నీళ్ల చెరువు దగ్గర కమ్మ యువకులు పశువుల కుడితి బకెట్లు కడుగుతుంటే దళితులు అభ్యంతరం చెప్పారు. నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త, తనను కొట్టబోయిన వాళ్ల మీదికి తన చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, పల్లె మీద జరిగిన దాడిలో ఆరుగురు దళితులను చంపారు. స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. ఆ నెత్తుటిలోంచి దళిత మహాసభ పుట్టింది. తెలుగునాట రాజకీయాల భాషే మారింది. సువార్త అనే పేరు ఆమెకు పెట్టినవాళ్లు మంచి వార్త అనే అర్థంలోనే పెట్టి ఉంటారు. ఆమె బిందె ఎత్తడానికి కారణం ఆమె విశ్వాసమే అని నేను చెప్పబోవడం లేదు. అలా చెప్పడం ఆమె ఆత్మగౌరవాన్ని మతం ఖాతాలో రాయడమవుతుంది. కానీ ఇంతమాత్రం అనొచ్చు: నూరేళ్లుగా గుడికి వెళ్తున్న పల్లెల్లో పుట్టిన స్త్రీని ఆ గుడి లొంగుబాటు మనిషిగా తయారు చేయలేకపోయింది.

ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోయిన ధిక్కారం

అయితే ఇక్కడే నన్ను వేధించే ప్రశ్న మొదలవుతుంది. ఆసామికి లోబడనక్కర్లేదని గ్రహించిన సమాజం, భార్య భర్తకు లోబడాలని ఎందుకంత పట్టుగా చెబుతోంది?

ఒక జవాబు చట్టంలో ఉంది. 1869 నాటి భారత విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్త భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు, విడాకులు వచ్చేవి. భార్యకు మాత్రం భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేయడమో కూడా రుజువు చేయవలసి వచ్చేది. ఒట్టి క్రూరత్వానికి విడాకులు లేవు. అంటే ఎముకలు విరగ్గొట్టినా, ఆ మనిషి ఇంకో స్త్రీ దగ్గరికి వెళ్లలేదు కాబట్టి కాపురం చేయవలసిందే. భార్యతో సంబంధం పెట్టుకున్న పరాయి మగవాడి నుంచి భర్త నష్టపరిహారం రాబట్టుకునే వీలు కూడా ఆ చట్టంలో ఉండేది, పొలం తొక్కిన గొడ్డు యజమాని నుంచి జరిమానా వసూలు చేసినట్టు. 1995లో కేరళ హైకోర్టు, 1997లో బొంబాయి హైకోర్టు ఈ వివక్షను తప్పు పట్టాయి. చివరికి 2001లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. స్త్రీపురుషులకు ఒకే కారణాలు వర్తించాయి. క్రూరత్వం దానంతటదే కారణమైంది. పరస్పర అంగీకారంతో విడిపోయే వీలు వచ్చింది. 132 ఏళ్లు పట్టింది. ఆ 132 ఏళ్లలో ఎందరు స్త్రీలకు, నీ మొగుడే నీ సిలువ, మోయమ్మా అని చెప్పి ఉంటారో లెక్కలేదు.

ఆస్తి విషయమూ అంతే. 1916 నాటి తిరువాన్కూరు క్రైస్తవ వారసత్వ చట్టం కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు గానీ, 5,000 రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది ఇచ్చింది. మేరీ రాయ్ సుప్రీంకోర్టుకు వెళ్లి 1986లో గెలిచింది. సమాన వాటా వచ్చినందుకు చర్చిల్లో స్తోత్రాలు పాడలేదు. కుటుంబాలు చీలిపోతాయని పెద్దలు గగ్గోలు పెట్టారు. మన తెలుగు ప్రాంతాల్లో క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. అందులో కొడుక్కీ కూతురికీ సమాన వాటా. ఎంతమందికి తెలుసు? నేను క్షేత్రపరిశోధన చేసిన పల్లెల్లో కట్నం ఇచ్చాం కదా, ఇంక వాటా ఏమిటి అన్న మాటే విన్నాను. మతం మారినా కట్నం మారలేదు.

రెండో జవాబు సమాజశాస్త్రానిది. ఊరు ఛీ అన్న సమూహం గౌరవం సంపాదించుకోవాలనుకున్నప్పుడు ఆ గౌరవం బరువును ముందుగా స్త్రీల నెత్తిన పెడుతుంది. మా ఆడవాళ్లు మర్యాదస్తులు, మా కాపురాలు పద్ధతైనవి అని చూపించుకోవాలి. పల్లె ఆడవాళ్లను పేరు పెట్టి, రే, ఒసే అని పిలిచిన ఊరికి అదొక జవాబు. అందులోని ఆరాటం నాకు అర్థమవుతుంది. కానీ బయట రోజంతా అవమానపడి వచ్చిన మగవాడికి అధికారం చెలాయించడానికి ఇల్లొక్కటే మిగిలింది. ఆ ఇంటికి యజమాని నువ్వేనని గుడి ముద్ర వేసింది. బయట ధిక్కారం, లోపల విధేయత. ఈ రెంటినీ కలిపి కుట్టిన దారమే మర్యాద. దెబ్బలు తిన్న స్త్రీ పోలీసు స్టేషన్ మెట్లెక్కితే సంఘం పరువు పోయిందని పెద్దలకు కోపం రావడానికి కారణం ఇదే.

విధేయతా వ్రతం పట్టినవారి ధిక్కారం

విధేయతే జీవితంగా ఎంచుకున్న స్త్రీలున్నారు. కాథలిక్ సన్యాసినులు తీసుకునే మూడు వ్రతాల్లో పేదరికం, బ్రహ్మచర్యంతోపాటు విధేయత ఒకటి. 2018లో కేరళలో ఒక సన్యాసిని, జలంధర్ బిషప్ తన మీద పలుమార్లు అత్యాచారం చేశాడని పోలీసులకు ఫిర్యాదు చేసింది. చర్చి లోపల మొరపెట్టుకుని ఫలితం లేకపోయాకే బయటికి వచ్చింది. సెప్టెంబరులో ఆమెకు తోడుగా ఐదుగురు సన్యాసినులు కొచ్చిలో హైకోర్టు దగ్గర నిరసనకు కూర్చున్నారు. మఠం దుస్తుల్లోనే, చేతిలో ప్లకార్డులతో. ఆ నెల 21న బిషప్‌ను అరెస్టు చేశారు. 2022 జనవరిలో కొట్టాయం సెషన్సు కోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. దాని మీద హైకోర్టులో అప్పీళ్లు వేశారు. 2023లో అతను పదవికి రాజీనామా చేశాడు.

తీర్పు సంగతి న్యాయస్థానాలు చూసుకుంటాయి. నాకు ముఖ్యమనిపించేది ఆ ఐదుగురూ కూర్చున్న తీరు. వాళ్లు విశ్వాసం వదులుకుని రోడ్డు మీదికి రాలేదు. విశ్వాసంతోనే వచ్చారు. బిషప్‌కు ఎదురు నిలిస్తే దేవుడికి ఎదురు నిలిచినట్టే అన్న సమీకరణాన్ని, ఒక్క మాట తత్వం చెప్పకుండా, అక్కడ కూర్చోవడం ద్వారానే కొట్టిపారేశారు. వాళ్లు ఒంటరివాళ్లయ్యారు, చర్చి పెద్దల్లో చాలామంది వాళ్లను చర్చి శత్రువులుగా చూశారు. కానీ మన దేశంలో కాన్వెంటు గోడల వెనక జరిగేదాన్ని గురించి గట్టిగా మాట్లాడుకోవడం ఆ నిరసనతో సాధ్యమైంది.

వితంతువూ, న్యాయాధిపతీ

మళ్లీ పల్లెకు వస్తాను. నేను కొన్నేళ్లు హాజరైన ఒక ఉపవాస ప్రార్థన కూటం ఉంది. శుక్రవారం మధ్యాహ్నం, పనిలేని రోజుల్లో, పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు. పాస్టరు గారు ఊళ్లో లేనప్పుడు వాళ్లలోనే ఒకరు వాక్యం చదివేది. అలాంటి ఒక శుక్రవారం లూకా సువార్త 18వ అధ్యాయం చదివారు. దేవుడికి భయపడని, మనుషుల్ని లెక్కచేయని న్యాయాధిపతి ఒకడు. న్యాయం చేయమని పదే పదే అతని దగ్గరికి వెళ్లే వితంతువు ఒకామె. చివరికి ఆమె పోరు పడలేక అతను తీర్పు ఇస్తాడు. ఈ కథను విసుగు లేకుండా ప్రార్థన చేయడం గురించే చెబుతారు. లూకా కూడా ఆ మాటతోనే మొదలుపెట్టాడు. నేనూ చిన్నప్పటి నుంచి అలాగే విన్నాను.

ఆ రోజు ఒకామె, భర్త చనిపోతే బావలు పొలం రాయించుకున్న మనిషి, మధ్యలో ఆపి అంది: "ఆవిడ ఇంట్లో కూర్చుని ప్రార్థన చేసినట్టు లేదే. ఆఫీసు చుట్టూ తిరిగింది." ఇంకొకామె నవ్వింది: "ఎమ్మార్వో ఆఫీసుకు నువ్వు తిరిగినట్టే." ఆ పక్క వారం నలుగురు కలిసి ఆమెతో మండలాఫీసుకు వెళ్లారు. పని ఒక్కరోజులో కాలేదు. కథలోలాగే చాలాసార్లు వెళ్లారు.

ఇంకో రోజు నిర్గమకాండం మొదటి అధ్యాయం. మగపిల్లల్ని పురిట్లోనే చంపమని ఫరో ఆజ్ఞ. షిఫ్రా, పూయా అనే మంత్రసానులు ఆ ఆజ్ఞను పాటించరు. రాజు నిలదీస్తే, హెబ్రీ స్త్రీలు చురుకైనవాళ్లు, మేం వెళ్లేలోపే కనేస్తున్నారని బొంకుతారు. వినగానే ఆ కూటంలోని ముసలి మంత్రసాని అంది: "పెద్దోళ్లకి నిజం చెబితే బిడ్డ బతకదమ్మా. ఎవరికి నిజం చెప్పాలో తెలిసుండాలి." దేవుడు ఆ మంత్రసానులకు మేలు చేశాడని కథలో ఉంది. ఆజ్ఞ మీరినందుకు మేలు. ఈ అధ్యాయం మీద ఏ పెళ్లిలోనూ ప్రసంగం విన్న జ్ఞాపకం లేదు నాకు.

ఈ కూటమే ఇంకో పని కూడా చేసింది. పాస్టరు గారు ప్రార్థన చేసి వెనక్కి పంపిన ఒక అమ్మాయి మళ్లీ దెబ్బలతో వస్తే, ఈ ఆడవాళ్లే తమ ఇళ్లలో వారం రోజులు పెట్టుకున్నారు. రక్షణాధికారి దగ్గరికి తీసుకెళ్లారు. పాస్టరు గారికి కోపం వచ్చింది. సంఘంలో చీలిక తెస్తున్నారన్నారు. వాళ్లు గుడి మానలేదు, ఆదివారం అదే చాప మీద కూర్చున్నారు. కానుక పళ్లెంలో కానుక వేశారు. అమ్మాయిని మాత్రం పంపలేదు. శిబిరంలో లేచిన ఇద్దరు స్త్రీల మాటలకూ మధ్య వంతెన ఏదైనా ఉంటే అది ఇలాంటి శుక్రవారాల్లోనే ఉందని నేననుకుంటాను. బహుశా మా నాయనమ్మ దారి కూడా ఇదే. అధికారాన్ని మాటతో ఎదిరించే వీలు లేని చోట ఆవిడ కాళ్లతో ఎదిరించింది.

ఇప్పుడు మాట్లాడవచ్చా?

ఈ వ్యాసం రాస్తున్నానని తెలిసి ఒక క్రైస్తవ మిత్రురాలు అడిగింది: "ఇప్పుడే రాయాలా? మన మీద దాడులు జరుగుతున్న కాలంలో మన లోపాలు మనమే బజార్లో పెడితే ఎవరికి లాభం?" ఇది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. 2008లో కంధమాల్‌లో ఏం జరిగిందో మనకు తెలుసు. అనేక రాష్ట్రాల్లో వచ్చిన మతమార్పిడి నిరోధక చట్టాలు మైనర్లతోపాటు స్త్రీలనూ షెడ్యూల్డు కులాల, తెగల వారినీ మతం మార్పిస్తే ఎక్కువ శిక్ష అంటున్నాయి. అంటే ఎదిగిన స్త్రీకీ దళితులకూ తమ దేవుణ్ణి తాము ఎంచుకునే తెలివి లేదని రాజ్యం అభిప్రాయం. మరోవైపు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కుల హోదా నిరాకరిస్తూనే ఉంది. సిక్కులకు 1956లోనూ, బౌద్ధులకు 1990లోనూ ఇచ్చారు. మన దగ్గర దళిత క్రైస్తవులు బీసీ-సీ జాబితాలో ఉన్నారు. మతం మారి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టలేడని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఇందువల్ల ఎందరో స్త్రీలు కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటిగా బతుకుతున్నారు. కులం పేరుతో కొట్టినవాడి మీద కేసు పెట్టాలంటే విశ్వాసం దాచుకోవాలి. మొగుడి మీద కేసు పెట్టాలంటే విశ్వాసం పేరుతో ఆపుతారు.

అయినా నా జవాబు ఇదే. ఇప్పుడే మాట్లాడాలి. మనం ఊరుకున్నంత మాత్రాన దాడి చేసేవాళ్లు ఊరుకోరు. సంఘం ప్రమాదంలో ఉంది కాబట్టి స్త్రీలు ఓర్చుకోవాలన్న మాట మనం అన్ని మతాల్లోనూ, అన్ని ఉద్యమాల్లోనూ విన్నాం. ఆ ప్రమాదం ఎప్పటికీ తీరదు, స్త్రీల వంతు ఎప్పటికీ రాదు. రాజ్యం ముందు సంఘం తరఫునా, సంఘం ముందు స్త్రీల తరఫునా, రెండు చోట్లా నిలబడటం మనకు కొత్త కాదు.

మనం చేయగలిగింది

ముందుగా మనలో మనం ఒక మాట అనుకోవాలి. మతం ప్రస్తావన రాగానే అదంతా పితృస్వామ్యమే అని పక్కకు నెట్టే అలవాటు స్త్రీవాదులకుంది. నాకూ ఉండేది. కానీ ఆ శుక్రవారం కూటాన్ని మనం వదిలేస్తే అది పాస్టరు గారి ఒక్కరి చేతిలోనే మిగులుతుంది. అలాగని స్వచ్ఛంద సంస్థలు వెళ్లి వాళ్లకు బైబిలు నేర్పక్కర్లేదు. వాళ్లు మనకన్నా బాగా చదువుతున్నారు. మనం చేయవలసింది 2005 గృహహింస చట్టం, 2001 సవరణ, వారసత్వ చట్టం అక్కడికి తీసుకువెళ్లడం.

పెళ్లికి ముందు చర్చిలు ఇచ్చే కౌన్సెలింగులో ఈ చట్టాలు కూడా చెప్పాలని అడగాలి. హింస ఫిర్యాదుల్లో రాజీ కుదర్చడం పాస్టరు పని కాదని డయాసిస్‌లు రాతపూర్వకంగా ఆదేశించాలని అడగాలి. చర్చి ఆసుపత్రుల్లో, బడుల్లో, ఆఫీసుల్లో 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీలు నిజంగా ఉన్నాయో లేదో అడగాలి. 2013లోనే సి.ఎస్.ఐ. సంఘం నంద్యాల డయాసిస్‌కు ఎగ్గోని పుష్పలలితను బిషప్‌గా అభిషేకించింది. ఆ సంఘంలో తొలి మహిళా బిషప్ మన రాయలసీమ నుంచే వచ్చింది. ఒక స్త్రీ ఆ పీఠం మీద కూర్చోగలిగినప్పుడు, పల్లె సంఘపు కమిటీలో సగం మంది స్త్రీలు ఎందుకుండకూడదు?

శిబిరంలో మొదట మాట్లాడిన ఆ చిన్న కార్యకర్త ఈ మధ్య ఫోన్ చేసింది. కేసు వాపసు తీసుకున్న అమ్మాయి ఇంటికి వెళ్తోందట, మూడోసారి. "ఈసారి ఒక్కదాన్నే వెళ్లట్లేదు మేడం, ఆ అక్క వస్తానంది" అంది. ఎవరా అక్క అంటే, వెనక బెంచీలోంచి మాట్లాడిన ఆవిడే. శుక్రవారం వెళ్తున్నారట, కూటం జరిగే వేళకు.